కానుగ నడుమ నా దారి

గొడ్డలి ముట్టకుండా, ఊరు దాటకుండా, అచ్చంపేటలో మా ఇంటి నీళ్ల ట్యాంకు మీద కూర్చుని ఆలేరులో ఒక కానుగ చెట్టును కొట్టించిన మహానుభావుణ్ని నేను. ఎట్లాగో చెబుతాను, నవ్వుకోండి. నాకైతే ఇప్పుడు నవ్వు రాదు.

కరోనా కాలం. మా తోటల డిజైన్ కోర్సు మొత్తం ఫోన్‌లోకి వచ్చి పడింది. సిగ్నల్ ట్యాంకు మీదే దొరికేది. ఆలేరులో ఒక బడి ఆవరణకు తోట గీయాలి. నచ్చితే బడివాళ్లు నిజంగానే వేసుకుంటారన్నారు సార్. నాకు జత స్వప్న. ఆమెది ఆలేరే కాబట్టి స్థలం చూసి కొలతలు తెచ్చింది. గీయడం మాత్రం ఇద్దరం. ఒకటే బొమ్మ, ఎవరు దిద్దినా రెండోవారి ఫోన్‌లోనూ మారిపోతుంది. మాట్లాడుకుంటూ చేయమన్నారు సార్. నేనా? మా క్లాసు వాట్సాప్ గ్రూపు నిండా గులాబీలు, శుభోదయాలు. విసుగొచ్చి మ్యూట్ చేసి, తెరవడమే మానేశాను.

గేటు నుంచి మెట్ల దాకా తిన్నగా ఒక దారి వేశాను. ఏం దారి అది! మర్నాడు చూస్తే నడుమ ఒక ఆకుపచ్చ సున్నా, అంటే చెట్టు గుర్తు. యాప్‌కు పిచ్చి పట్టిందనుకుని తుడిచేశాను. తెల్లారి మళ్లీ మొలిచింది. మళ్లీ తుడిచాను.

కింద నుంచి అమ్మ, "ట్యాంకెక్కి ఎవల్ని తిడుతున్నవ్ రా?" అంది.

కొన్నాళ్లకు సున్నా రావడం ఆగిపోయింది. గెలిచాననుకున్నాను.

బొమ్మ బడివాళ్లకు నచ్చింది. కలిసి పనిచేయడం ఎట్లా ఉందని సార్ క్లాసులో అడిగితే, బ్రహ్మాండం సార్, ఒక్కసారి కూడా గొడవ పడలేదన్నాను. ఒక్క మాటైనా మాట్లాడుకుంటే కదా గొడవ! స్వప్న ఆ రోజు క్లాసుకు రాలేదు.

బడిలో దారి పడ్డాక ఆమె మొదటిసారి ఫోన్ చేసింది.

"నీ దారి కోసం కొట్టేసిన కానుగ మా బాపు పెట్టింది. గా బడిలనే అటెండర్‌గ పనిచేసిండు. గ్రూపుల ఫోటో పెట్టి చెప్పిన, చూడలేదా?"

"మరి గుర్తు మళ్ల ఎందుకు పెట్టలే?" అన్నాను సిగ్గులేకుండా.

"బాపును దవాఖానల షరీక్ చేసినం. ఫోన్ పట్టే సోయి లేకుండె. బాపు పోయిండు. చెట్టన్న ఉంటదనుకున్న."

ట్యాంకు మీదే కూర్చుని ఏడ్చాను.

అందుకే ఆ ట్యాంకు సాక్షిగా నా ప్రతిజ్ఞ: బతికున్నంత కాలం ఏ గ్రూపునూ మ్యూట్ చేయను. ప్రతి గులాబీనీ తెరిచి చూస్తాను, ప్రతి శుభోదయానికీ దండం పెడతాను. స్వప్న ఇప్పటికీ ఆ గ్రూపులోనే ఉంది. మళ్లీ ఒక్క ఫోటో కూడా పెట్టలేదు.