ఆ ప్రణాళిక రాసింది నేనే

కూసో బిడ్డా, ఫోన్ పక్కన పెట్టి జర మంచిగ ఇను. మీ నానమ్మ చెప్పింది చెప్పినట్టు రాయి, నా తప్పు తగ్గించి రాయకు.

నువ్వు పుట్టిన ఏడు నేను గరిడేపల్లి దగ్గర బడిలో పెద్ద టీచర్‌ని. మారుతున్న కాలానికి పిల్లలకు ఏ పనులు నేర్పాలో, పిల్లల్నే అడిగి ప్రణాళిక రాసి పంపమని సూర్యాపేట మీటింగులో చెప్పారు. నేను ఎవర్నీ అడగలేదు. అడ్మిషన్ రిజిస్టర్ ముందేసుకుని, తండ్రి ఏం పని చేస్తాడో చూసి పంచేశాను. దుకాణాలు, మిల్లులు ఉన్నవాళ్ల పిల్లలకు కంప్యూటర్. కూలీల ఆడపిల్లలకు కుట్టుపని. ఉన్నవి నాలుగే కంప్యూటర్లు మరి. దసరాకు వాటికి పసుపు కుంకుమ పెట్టేదాన్ని కూడా నేనే.

తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల ఉండేది, లెక్కల్లో అందరికన్నా ముందు. వాళ్లమ్మ మిర్యాలగూడ రైస్ మిల్లులో బియ్యం సంచుల మూతులు కుట్టేది. గోడకు అంటించిన ఆ పేర్ల జాబితా చూసి ఆ పిల్ల నా దగ్గరికొచ్చింది.

"టీచర్, కుట్టుడు మా అమ్మనే నేర్పింది. బడిల గూడ గదేనా? నాకు కంప్యూటర్ నేర్పుండ్రి."

నేనే రాశానని చెప్పడానికి నోరు రాలేదు. "నేనేం జేస్త బిడ్డా, పైనుంచి గట్లనే వచ్చింది" అన్నాను. నమ్మి వెళ్లిపోయింది. ఒక్క పేరు కొట్టేసి పక్క వరసలో రాస్తే అయిపోయేది. కాగితం సూర్యాపేట పోయిందిగా, మళ్లీ దిద్దితే నామోషీ అని ఊరుకున్నాను.

మొన్న మీ నాన్నా నేనూ బియ్యానికి మిర్యాలగూడ పోయాం కదా. మిల్లులో నల్ల గింజలు ఏరే మిషన్ దగ్గర తెర చూసుకుంటూ ఎవరో వేరే ఊరాయన. ఇవతల సంచులు కుడుతూ అప్పటి ఆ పిల్ల. లేచి దండం పెట్టింది. నువ్వు ఆ మిషన్ పని నేర్చుకోలేదా అని అడిగాను, బుద్ధి లేక.

నవ్వింది. "కంప్యూటర్ వచ్చినోళ్లే గావాల్నంట టీచర్. మీరు మాత్రం ఏం జేస్తరు, పైనోళ్లు రాసిరి గద. ఇగ మా పాపను ఈ ఏడు బడిల ఎయ్యాలె. ఏ బడో మీరే చెప్పుండ్రి, మీ మాట మీదనే ఏస్త."

కనుక్కుని చెబుతానని నంబరిచ్చి వచ్చేశాను. ఆమె మూడుసార్లు ఫోన్ చేసింది, ఎత్తలేదు. ఆ జాబితా సంగతి చెప్పకుండా బడి పేరు ఏ నోటితో చెప్పను? ఇది రాసినంక నువ్వే ఆమె నంబరు కలిపియ్యి బిడ్డా. ఆమె ఎత్తంగనే నేను మొదలు చెప్పేది, ఆ జాబితా రాసింది...

"అత్తమ్మా, అన్నం పెట్టిన, రాండ్రి."