సోహార్ క్యాంపులో నేను కట్టిన ఫుట్‌బాల్ జట్టు

అమెరికన్ ఫుట్‌బాల్ అనే ఆటను నేను మొదటిసారి చూసిన రోజుకూ, ఆ ఆట ఆడే జీతగాళ్ల జట్టుకు మేనేజరునైన రోజుకూ మధ్య ఒక్క శుక్రవారం తేడా. ఆ తర్వాత జరిగిన సర్వనాశనం తల్చుకుంటే, ఆ శుక్రవారం హాయిగా పడుకోక ఫోన్‌లో ఆ ఆట ఎందుకు చూశానా అనిపిస్తుంది. నవ్వాలనుకునేవాళ్లు ఇక్కణ్నుంచే మొదలుపెట్టవచ్చు. నాకు మాత్రం ఇప్పటికీ సగం నవ్వే వస్తుంది.

అప్పుడు నేను దుబాయ్ పక్కనున్న దేశంలో, సోహార్ అనే ఊళ్లో ఒక నిర్మాణ కంపెనీ క్యాంప్ బాస్‌ని. బాస్ అనే మాట విని కంగారు పడకండి. ఎవరు ఏ రూమ్‌లో పడుకోవాలి, నీళ్ల ట్యాంకర్ వచ్చిందా లేదా, ఏ ఏసీ నుంచి ఎవరి మంచమ్మీద నీళ్లు కారుతున్నాయి, ఇదీ నా సామ్రాజ్యం. కానీ చేతిలో తాళాల గుత్తి ఉన్నవాడి నడక వేరుగా ఉంటుంది. నా నడకా అలాగే ఉండేది.

మా కంపెనీ యజమాని చిన్నకొడుకు పేరు సలీం. అమెరికాలో చదివొచ్చాడు. మేమంతా అతణ్ణి ముదీర్ అనేవాళ్లం, అంటే అరబ్బీలో మేనేజరు. కుర్రాడు మంచివాడే, కానీ ఆ దేశం నుంచి డిగ్రీతో పాటు ఒక ఆట పిచ్చినీ వెంట తెచ్చుకున్నాడు. ఇబ్రి అనే ఊళ్లో కాంట్రాక్టులు చేసే అతని చిన్నాన్న కొడుక్కీ అదే పిచ్చి. ఇద్దరూ చెరో జట్టు కట్టాలనీ, ఆడేవాళ్లకు ఆటే డ్యూటీగా జీతం ఇవ్వాలనీ, మొదట తమలో తాము తేల్చుకుని తర్వాత దుబాయ్ జట్ల మీదికి పోవాలనీ అనుకున్నారు. కావలసినంత మంది మగవాళ్లు ఒకేచోట దొరికేది లేబర్ క్యాంపులో. ఆ క్యాంపుకి బాస్‌ని నేను.

ఫుట్‌బాల్ తెలుసా అని సలీం నన్ను హిందీలో అడిగాడు. తెలుసన్నాను. బడిలో ఆడాను మరి. అప్పుడతను సంచిలోంచి బంతి తీశాడు. రెండు కొసలూ చెక్కిన కొబ్బరికాయలా ఉంది. ఒక్క క్షణం నా గుండె ఆగింది కానీ నోరు ఆగలేదు. "యహీ వాలా," అన్నాను, ఇదే, నాకు తెలిసింది ఇదే అన్నట్టు.

శుక్రవారమంతా ఫోన్‌లో ఆ ఆట చూశాను. నాకు అర్థమైంది ఇది: ఒకడు బంతి చంకలో పెట్టుకుని అవతలి గీత దాటాలి, ఎదుటివాళ్లు వాణ్ణి పట్టి పడెయ్యాలి, వాడికి దారి చెయ్యడానికి ముందు వరసలో ఏనుగుల్లాంటి మనుషులు నిలబడాలి. టోపీలు పెట్టుకుని ఆడే కబడ్డీ అని తేల్చేశాను. నిజానికి ఇంతవరకూ నేను పెద్దగా తప్పలేదు. నా తెలివి ఇక్కడే ఆగి ఉంటే ఈ కథే లేదు.

మర్నాడు సలీం జట్టు కట్టమని నన్నే మేనేజరుని చేశాడు. కబడ్డీ అనగానే నాకు తట్టిన పేరు మల్లేశం. జగిత్యాల దగ్గర మా పక్క ఊరివాడు. ఇద్దరం ఒకే విమానంలో దిగాం, ఒకే రూమ్‌లో, ఒకే మంచానికి కింద నేను, పైన వాడు. సైట్‌లో పరంజాలు కట్టే పని వాడిది. ఎత్తున పైపుల మీద వాడు నడుస్తుంటే కింద మేం ఊపిరి బిగబట్టేవాళ్లం. మనిషి మాత్రం బక్కపలచన. నాకు జ్వరమొస్తే గంజి కాచి పోసింది వాడే. వాళ్ల నాన్న పోయిన వార్త వచ్చిన రోజు వాడి పక్కన కూర్చుంది నేనే.

బంతి చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గీ గుడ్డు పట్టుకొని ఉరుకుడేనా అన్నా? గింతేనా?"

"గంతే," అన్నాను.

మొదటి సాయంత్రమే వాణ్ణి ఎవరూ పట్టుకోలేకపోయారు. చేతికి అందినట్టే ఉండేవాడు, పట్టుకోబోతే అక్కడ ఉండేవాడు కాడు. రెండో వారానికి క్యాంపంతా గట్టున చేరి ఈలలు వేయసాగింది. సలీం వచ్చి చూశాడు. ఈ కుర్రాడెవరని అడిగాడు. చెప్పాను. వాణ్ణి పిలిచి భుజం తట్టాడు. ఆ పూట నాతో మాట్లాడింది ఆ ఒక్క ప్రశ్నే. నేను మేనేజర్ అని వీపున అచ్చు వేయించుకున్న కొత్త బనియన్ తొడుక్కుని, ఆ వీపు అతని వైపు తిప్పి చాలాసేపు నిలబడ్డాను. అతను చదవలేదు.

ఆ రోజు నుంచే నాకు హఠాత్తుగా శాస్త్రజ్ఞానం పట్టుకుంది. గెలిచే జట్టుకు కావలసింది వేగం కాదు, బరువు అని కనిపెట్టాను. వంటశాలలో బియ్యం బస్తాలు తూచే కాటా తెప్పించి, క్యాంపులో ఒక్కొక్కణ్ణీ దాని మీదికి ఎక్కించాను. బరువులో గెలిచినవాళ్లంతా ఎవరనుకున్నారు? క్రేన్ నడిపేవాళ్లు, బస్సు డ్రైవర్లు, స్టోర్ గుమాస్తాలు. పొద్దంతా కూర్చుని చేసే పనిలో ఒళ్లొచ్చినవాళ్లు. అందరిలోకీ బరువైనవాడు మా కడప వంటమాస్టరు ఖాదర్ భాయ్.

"నేను బిర్యానీ వండుకునేవాణ్ణి సామీ, నన్నెందుకు పట్టుకుంటివి?" అన్నాడు ఖాదర్ భాయ్ కాటా దిగుతూ. ఆటగాళ్లకు ఎండలో డ్యూటీ ఉండదని చెప్పాను. పొయ్యి దగ్గర కూడా ఉండదా అని అడిగాడు. ఉండదన్నాను. వెంటనే హెల్మెట్ తెమ్మన్నాడు. అది అతని తలకు నెత్తిమీద బోర్లించిన గిన్నెలా సగం దాకా దిగి ఆగిపోయింది.

ఇక మల్లేశం సంగతి. రూమ్‌లో మెల్లగా చెప్పి ఉండవచ్చు. అసలు చెప్పకుండానే ఉండవచ్చు. కానీ నేను మేనేజరుని కదా. అందరినీ వరసగా నిలబెట్టి, వాడి వంతు వచ్చినప్పుడు కాటా చూసి గట్టిగా నవ్వాను. "జట్టుకు బరువు కావాలె మల్లేశా. నువ్వు గాలికి కొట్కపోయెటట్టున్నవు," అన్నాను. క్రేన్ డ్రైవర్లు నవ్వారు. మేనేజరు నవ్వాడు కాబట్టి నవ్వారు.

మల్లేశం కాటా దిగాడు. చెప్పులు తొడుక్కున్నాడు.

"సరే సార్," అన్నాడు.

అన్నా అనే పిలుపు అక్కడితో సరి. కొన్నాళ్లకు సలీం చిన్నాన్న కొడుకు ఇబ్రి సైట్‌కు మనుషులు కావాలంటే తానే అడిగి వెళ్లిపోయాడు. నేను డ్యూటీలో ఉన్నప్పుడు పరుపు చుట్టుకుని పోయాడు. పై మంచం చెక్కలు కనబడుతుంటే నాకు కొన్ని రాత్రులు నిద్ర పట్టలేదు. రూమ్ నిశ్శబ్దంగా ఉన్నందువల్లే అనుకున్నాను, వాడికి గురక అలవాటు మరి. అబద్ధాలు చెప్పుకోవడానికి ఎదుటివాడు అక్కర్లేదని అప్పుడే తెలిసింది.

చలికాలంలో ఒక సాయంత్రం సీబ్ అనే ఊళ్లో అద్దెకు తీసుకున్న మైదానంలో మ్యాచ్ పెట్టారు. సలీం బంధువులంతా వచ్చారు. ఇబ్రి జట్టు బస్సు దిగింది. అంతా ఖర్జూరం తోటల్లో, సైట్లలో పనిచేసే బక్క కుర్రాళ్లు. వాళ్లను చూసి మా ముందు వరస జాలిపడింది. ఆ బస్సు దిగినవాళ్లలో చివరివాడు మల్లేశం. నన్ను చూశాడు, తల వంచి షూ లేసు కట్టుకున్నాడు.

ఆట మొదలయ్యాక కాసేపు మా బరువు పనిచేసింది, అబద్ధమెందుకు. ఖాదర్ భాయ్ ఒకడి మీద పడితే వాడు చాలాసేపు కనబడలేదు. కానీ పడ్డవాడు లేచాడు, ఖాదర్ భాయ్ లేవలేదు. ఇద్దరు చేతులు పట్టి లాగాల్సి వచ్చింది. ఆ తర్వాత మా క్రేన్ డ్రైవర్లకు ఊపిరి అయిపోయింది. రివర్సులో వస్తున్న సిమెంట్ లారీల్లా తిరుగుతున్నారు, ఆ కూత ఒక్కటే తక్కువ. గట్టున సలీం అక్కలు ముఖాలకు చేతులు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. సలీం మాత్రం నవ్వడం లేదు.

అప్పుడు బంతి మల్లేశం చేతికొచ్చింది.

ఒకణ్ణి తప్పించాడు. ఇద్దరి మధ్య వంగి దూరాడు. ఖాదర్ భాయ్ రెండు చేతులూ చాచి మీద పడితే, పరంజా పైపు మీద కాలు మార్చినంత తేలిగ్గా అడుగు మార్చాడు. ఖాదర్ భాయ్ గాలిని కౌగిలించుకుని నేల మీదికి చేరాడు. ఇక ముందు ఎవరూ లేరు, గీత ఒక్కటే ఉంది. నాకు ఏమైందో నాకు తెలియదు. గట్టు వెంట నేనూ పరుగెత్తుతున్నాను. బనియన్ మీద మేనేజర్ అని ఉండగానే, మైదానమంతా వినబడేలా అరుస్తున్నాను, "ఉరుకు మల్లేశా, ఉరుకు బిడ్డా, ఎన్కకు సూడకు."

వాడు గీత దాటాడు. నేను రెండు చేతులూ పైకెత్తి గెంతాను. దిగేసరికి సలీం ఎదురుగా ఉన్నాడు.

"తుమ్ కౌన్ సా టీమ్ కా మేనేజర్?" అన్నాడు, నువ్వు ఏ జట్టుకు మేనేజరువని, ఎంతో మర్యాదగా.

బనియన్ అక్కడే విప్పించుకున్నాడు.

మ్యాచ్ ఓడిపోయాక ఇబ్రి బస్సు దగ్గరికి వెళ్లాను. మల్లేశం మెట్టు మీద కూర్చుని నీళ్లు తాగుతున్నాడు. మస్తు ఉరికినవ్ అన్నాను. వాడు సీసా మూత మెల్లగా బిగించాడు.

"నువ్వు ఉరుకుమన్నది వినవడ్డది సార్," అన్నాడు. "కాటా కాడ అన్నది గూడ గంత గట్టిగనే వినవడ్డది."

బస్సెక్కాడు.

తర్వాత సలీం, అతని చిన్నాన్న కొడుకు ఇద్దరూ రెండు జట్లనూ కలిపేసి మల్లేశాన్ని కెప్టెన్‌ని చేశారు. ఖాదర్ భాయ్ సంతోషంగా పొయ్యి దగ్గరికి చేరాడు. ఆటగాళ్లకు బస సోహార్ క్యాంపులోనే. మల్లేశానికి రూమ్ ఇవ్వాల్సిన పని క్యాంప్ బాస్‌గా నాకే పడింది. మా రూమ్‌లో పై మంచం ఖాళీగా ఉందన్నాను. అవతలి బ్లాకులో చివరి రూమ్ చాలన్నాడు. తాళం ఇచ్చాను. రెండు చేతులతో తీసుకున్నాడు, పెద్దవాళ్ల దగ్గర తీసుకున్నట్టు. తిట్టినా బాగుండేది.

జట్టు ఇప్పుడు దుబాయ్ దాకా పోయి గెలిచి వస్తోంది. గెలిచే జట్టు ఎలా కట్టాలని ఎవరైనా అడిగితే నా దగ్గర అనుభవంతో వచ్చిన సమాధానం ఉంది: ముందుగా నన్ను తీసెయ్యాలి. మిగతా పని అదే అవుతుంది.

కాబట్టి పాఠక మహాశయుల సమక్షంలో, మనసా వాచా కర్మణా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ ఆటకూ మనుషుల్ని ఎంచను. క్యారమ్స్‌కు నాలుగో చెయ్యి కావాలన్నా కళ్లు మూసుకుని ఎదురుగా ఉన్నవాణ్ణి కూర్చోబెడతాను. వాడు వస్తే.