పదిహేడో ఎక్కం

మొన్న మధ్యాహ్నం చాంద్రాయణగుట్ట సిగ్నల్ దగ్గర అద్దాలెక్కించి ఏసీ వేసుకుని కూర్చున్నాను. దస్తీలు, అదే చేతిరుమాళ్ళు, అమ్ముకునే పెద్దాయన ఒకాయన వచ్చి వేలి కణుపుతో అద్దం మీద మూడుసార్లు కొట్టాడు. టక్, టక్, టక్. నాకు తెలియకుండానే నోట్లోంచి "సత్రా ఎకమ్ సత్రా" అని వచ్చేసింది. పక్కసీట్లో ఉన్న మా ఆవిడ "షురూ జేసిండు" అని నవ్వింది. వెనక హారన్ల లొల్లి మొదలైంది. అద్దం దింపి ఒక దస్తీ కొని, అద్దాన్ని రెండు వేళ్ళ సందు ఉంచే మళ్ళీ బండి కదిలించాను. ఇన్నేళ్ళయినా మూసిన అద్దం మీద ఎవరైనా కొడితే నా గుండె గుభేలుమంటుంది. అందుకు కారణం గౌస్ ఉస్తాద్. ఆయన్ని మీరెవరూ చూసి ఉండరు కాబట్టి మొదటినుంచీ చెప్పాలి.

నేను పనిచేసే ఫ్యాక్టరీ మూతపడి ఇంట్లో కూర్చున్నప్పుడు నాకు ముప్ఫై రెండేళ్ళు, ఇద్దరు పిల్లలు. ఫిట్టర్ పని తప్ప ఇంకేమీ రాదు. ఎవరో చెబితే చాంద్రాయణగుట్టలో ఉస్తాద్ షెడ్డుకు వెళ్ళాను. మిలిటరీవాళ్ళు వేలంలో అమ్మేసిన పాత లారీలను మనసుపడి కొనుక్కునేవాళ్ళు కొందరుంటారు. వాటిని మొదట తయారైన రోజు ఎలా ఉన్నాయో అలా చేసివ్వడం ఆయన పని. కళ్ళద్దాల కాడ విరిగితే దారంతో కట్టుకుని తిరిగే మనిషి, బండికి మాత్రం ఒక్క నట్టు వేరేది వేయనిచ్చేవాడు కాదు. అసలు నట్టు దొరికేదాకా ఆ చోటు ఖాళీగానే ఉండాలి. మొదట్లో నాకు మహా చిరాకుగా ఉండేది. దొరకని సామానుకోసం ఉస్మాన్‌గంజ్ ఇనుప దుకాణాల వెనక గుట్టల్లో ఆయన వెంట తిరిగి తిరిగి నా చెప్పులు అరిగిపోయాయి.

అన్నిటికన్నా వింత ఆయన హీటర్ పిచ్చి. హైదరాబాదులో లారీకి హీటరేమిటని మీకు నవ్వు రావచ్చు. నాకూ వచ్చింది. చలికొండల్లో తిరిగిన లారీలవి. ఇంజను పొగ ఒక గొట్టంలోంచి పోతుంది, గొట్టం చుట్టూ ఒక డబ్బా ఉంటుంది, ఆ డబ్బాలో వేడెక్కిన గాలి డ్రైవరు దగ్గరికి వస్తుంది. గొట్టానికి చిల్లు పడిందంటే గాలితోపాటు విషం కూడా లోపలికి వస్తుంది. అందుకని ఉస్తాద్ ప్రతి హీటర్‌నూ తనే పరీక్షించేవాడు. నడి మే నెలలో, మిట్టమధ్యాహ్నం, ఇంజను నడిపించి, అద్దాలన్నీ ఎక్కించి, హీటర్ వేసుకుని గంటసేపు లోపల కూర్చునేవాడు. ఐదు నిమిషాలకొకసారి నేను అద్దం మీద మూడుసార్లు కొట్టాలి. కొట్టగానే ఆయన పదిహేడో ఎక్కం చెప్పాలి. తప్పు చెబితే నేను వెంటనే తలుపు తీసి ఆయన్ని బయటికి లాగాలి. గల్లీలో వాళ్ళు నిలబడి నవ్వుకునేవాళ్ళు. ఆయన చెమటలు కక్కుతూ, గడ్డం తడిసి, "సత్రా దూనీ చౌంతీస్, సత్రా తియ్యా ఇక్యావన్" అని బడిపిల్లాడిలా అప్పజెప్పేవాడు. వినీ వినీ నాకూ కంఠతా వచ్చేసింది.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను, ఐదు నిమిషాలు కూర్చుంటే తెలియదా, గంట ఎందుకని. ఆయన చేతిలో పాన పక్కన పెట్టాడు. వయసులో ఉన్నప్పుడు పైన కొండల్లో ఒక వర్క్‌షాపులో పనిచేశాడట. అక్కడ ఒక పొద్దున లారీ ఆగి ఉంది, డ్రైవర్ లోపల ఉన్నాడు. "నిద్రపోతుండనుకున్న యాదగిరీ. లేపుదామని చాయ్ పట్కపోయిన. చేతిల చాయ్ గరంగనే ఉండె, ఆయనే చల్లగయిండు. గా పొగ కానరాదు, వాసన రాదు. నిద్రొస్తది, గంతే." అని మళ్ళీ పాన తీసుకున్నాడు.

ఇక సుబేదార్ సాబ్ లారీ సంగతి. ఆయన మిలిటరీనుంచి రిటైరై చాలా ఏళ్ళయింది. వయసులో కొండల్లో నడిపిన రకం లారీనే వెతికి వెతికి కొన్నాడు. జూన్‌లో దారి తెరవగానే భార్యను అందులో కూర్చోబెట్టుకుని మనాలి మీదుగా పైకి వెళ్ళాలని ఆయన కోరిక. ఆ రోజుల్లో హీటర్ వేస్తే నిద్ర పడుతుందని భయపడి వేసుకునేవాళ్ళం కాదని, ఈ ఒక్కసారైనా ఆ దారిలో వెచ్చగా పోవాలని చెప్పాడు. తీరా చూస్తే ఆ లారీ హీటర్‌లో గొట్టమే లేదు. మూడు నెలలు వెతికాం. చివరికి పురానాపూల్ దగ్గర ఒక చిన్న హోటల్లో చాయ్ తాగుతూ ఉస్తాద్ తల పైకెత్తి అలాగే ఉండిపోయాడు. భట్టీకి పొగగొట్టంగా బిగించి ఉంది అది, చుట్టూ పక్కటెముకల్లాంటి రెక్కలతో! హోటలాయనకు రేకుతో కొత్త గొట్టం చేసి, తనే బిగించి ఇచ్చి, పాతది విప్పుకొచ్చాడు. కిరోసిన్ పోసి తీగబ్రష్షుతో రుద్దుతుంటే మసి కింద అసలు సామాను నంబరు బయటపడింది. ఆయన ముఖం వెలిగిపోయింది. కాని రుద్దడం అయ్యాక గొట్టాన్ని చేత్తో పట్టుకుని బరువు చూసుకున్నాడు. "మస్తు ఏండ్లు నిప్పుల మీద ఉన్నది. దీన్ని గట్టిగ జూడాలె" అన్నాడు.

గొట్టం బిగించడం పూర్తయ్యేసరికి శుక్రవారం అయింది. మర్నాడు పొద్దున్నే సుబేదార్ సాబ్ ప్రయాణం. అంతకుముందు వారమే ఉస్తాద్ షెడ్డులో తూలి పడిపోతే దవాఖానకు తీసుకెళ్ళాం. బీపీ, ఎండలో ఉండొద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు. ఆ పరీక్ష సీటు ఆయన అంతకుముందు ఎవరికీ ఇవ్వలేదు. జుమా నమాజుకు వెళ్తూ తాళంచెవి నా చేతిలో పెట్టి, ఈసారి నువ్వు కూసో అన్నాడు. అద్దం కొట్టడానికి పక్క షెడ్డు పెయింటర్ అంజయ్యను ఉండమన్నాడు.

కూర్చున్నాను. అంజయ్య రెండు విడతలు కొట్టాడు, రెండుసార్లూ ఎక్కం చెప్పాను. పది నిమిషాలకే ఒళ్ళంతా ఉడికిపోయింది, చెమట కళ్ళలోకి కారింది. వాసన లేదు, తల తిరగడం లేదు. బాగానే ఉంది కదా అనుకుని దిగిపోయాను. నాకు వేరే వంకేమీ లేదు, ఉక్కపోసింది, దిగాను. అంజయ్యను పొమ్మని, ఎదుటి హోటల్లో ఫ్యాను కింద కూర్చుని చాయ్ చెప్పుకున్నాను. ఉస్తాద్ తిరిగివచ్చి అడిగాడు.

"గంట కూసున్నవా?"

"కూసున్న."

"సరే. పంపుదాం."

ఆ ఒక్క మాట మీదే లారీ వెళ్ళిపోయింది. శనివారం పొద్దున సుబేదార్ సాబ్ భార్య లారీ ఎక్కుతూ ఒడిలో ఉన్ని శాలువా మడిచి పెట్టుకుంది. లారీ మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూ నిలబడ్డాను. ఇప్పుడైనా ఆపొచ్చు, ఇప్పుడైనా ఆపొచ్చు అనుకుంటూనే ఊపాను.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో నాకే తెలుసు. లారీ మెల్లగా పోయేది, మనాలికి వారం పడుతుంది. ఇవాళ నాగ్‌పూర్ దాటి ఉంటారు, అక్కడ ఎండ మండుతోంది, హీటర్ ఎవరు వేస్తారు అని లెక్క వేసుకునేవాణ్ణి. ఫోన్‌లో ఊరూరి వాతావరణం చూసేవాణ్ణి. ఎక్కడ వేడిగా ఉందంటే అక్కడ నాకు ఊపిరాడేది. కంచం ముందు కూడా ఫోనే పట్టుకునేవాణ్ణి. ఏంది ఫికర్ అని మా ఆవిడ అడిగితే కసురుకున్నాను. ఉస్తాద్ ఎదురుపడినప్పుడల్లా చెప్పేద్దామనుకోవడం, ఆయన నవ్వుతూ ఏదో పని చెప్పగానే మింగేయడం. నిజం చెప్పాలంటే లారీ గురించి ఎంత భయపడ్డానో, ఆయన ముందు అబద్ధాలకోరుగా నిలబడాల్సి వస్తుందని అంత భయపడ్డాను.

ఏడోరోజు పొద్దున సుబేదార్ సాబ్ ఫోన్ చేశాడు. మనాలి నుంచి బయల్దేరుతున్నామని, కొండ ఎక్కగానే హీటర్ వేస్తామని చెప్పాడట. ఉస్తాద్ సంబరంగా ఆ మాట నాకు చెబుతుంటే ఈసారి మింగలేకపోయాను.

"ఉస్తాద్, నేను గంట కూసోలే."

ఆయన నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది. "ఎంతసేపు కూసున్నవ్?"

"పది నిమిషాలు."

తిడతాడనుకున్నాను, కొట్టినా బాగుండేది. ఆయన దారంకట్టిన కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకుని, మళ్ళీ తీసి పెట్టుకుని, ఫోన్ అందుకున్నాడు. అప్పటికే సిగ్నల్ లేదు. మళ్ళీ చేశాడు. రోజంతా చేస్తూనే ఉన్నాడు. మనాలిలో వాళ్ళు దిగిన లాడ్జి నంబరు పట్టుకుని అటు వెళ్ళే డ్రైవర్లకు చెప్పమని బతిమాలాడు. తిండి తినలేదు. నేను తెచ్చిన చాయ్ వైపు చూసి ముఖం తిప్పుకున్నాడు. ఆయన కళ్ళముందు ఏం కనిపిస్తోందో నాకు తెలుసు. ఆ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడ్డాను.

మర్నాడు పదకొండింటికి ఫోన్ మోగింది. లాడ్జివాళ్ళ కబురందుకుని సుబేదార్ సాబ్ దారిలో ఒక ఢాబా నుంచి చేశాడు. స్పీకర్‌లో ఆయన గొంతు వినగానే నేను కిందే కూలబడ్డాను. హీటర్ బ్రహ్మాండంగా పనిచేస్తోందన్నాడు. కాకపోతే భార్యకు తలనొప్పి, వాంతులు. కొండ ఎత్తు పడలేదేమో, గాలి కావాలని అద్దం దింపి కూర్చుంది, ఉన్న వెచ్చదనమంతా బయటికే పోతోందని విసుక్కున్నాడు. ఉస్తాద్ కళ్ళు మూసుకున్నాడు.

"సుబేదార్ సాబ్, గా అద్దం ఎక్కియ్యకున్రి. హీటర్ బంద్ పెట్టున్రి, మళ్ళ ముట్టకున్రి. గొట్టం మీద నాకు షక్ ఉన్నది. తప్పు నాది. నేను పరీక్ష చెయ్యకుండనే పంపిన."

నా పేరు ఎత్తలేదు. నేను అక్కడే, ఆయన కాళ్ళ దగ్గరే కూర్చుని విన్నాను. ముప్ఫై ఏళ్ళ ఆయన పేరు ఆ ఒక్క మాటతో పోయింది, నా పేరు మిగిలింది. అంత సిగ్గు నా జన్మలో పడలేదు.

వాళ్ళు దుప్పట్లు కప్పుకుని, చలికి వణుకుతూనే ఆ దారంతా చూసి క్షేమంగా వచ్చారు. లారీ షెడ్డుకు రాగానే నేనే కూర్చుంటానన్నాను. ఉస్తాద్ వద్దనలేదు. తనే బయట నిలబడి రెండు నిమిషాలకొకసారి అద్దం కొట్టాడు. పది నిమిషాలు, ఇరవై, అరగంట, అన్నీ బాగానే ఉన్నాయి. ఆ తర్వాత నుదురు బిగుసుకుంది. ఆయన కొట్టాడు, నేను చెప్పాను, సరిగ్గానే చెప్పాననుకున్నాను. "సత్రా ఛక్కే ఏక్ సౌ బీస్" అని, నూట రెండుకు నూట ఇరవై చెప్పి నవ్వానట. రెక్క పట్టి బయటికి లాగాడు. మోరీ దగ్గర కూర్చుని వాంతి చేసుకుంటుంటే వీపు రాసింది కూడా ఆయనే. తర్వాత గొట్టం విప్పి, మంట మీద బాగా కాల్చి, లోపల బల్బు పెట్టి చూపించాడు. చల్లగా ఉన్నప్పుడు ఏమీ లేదు. ఎర్రగా కాలాక రెండు రెక్కల మధ్య వెంట్రుకంత వెలుతురు గీత కనిపించింది. పది నిమిషాల వేడికి అది తెరుచుకోదు.

నన్ను పని మాన్పించలేదు. కాని ఆ తర్వాత నేను కూర్చున్న ప్రతిసారీ, ఎండయినా జ్వరమైనా, ఆయనే అద్దం దగ్గర నిలబడేవాడు. కూసున్నవా అని అడగాల్సిన అవసరమే రానిచ్చేవాడు కాదు. అది ఆయన శిక్షగా వేయలేదు, నాకు మాత్రం శిక్షే. ఆ ప్రశ్న ఆయన నోట మళ్ళీ వినాలని ఏళ్ళ తరబడి ఎదురుచూశాను.

ఆయన మంచం పట్టిన వేసవిలో ఒక లారీ పూర్తయింది. అంజయ్యను అద్దం దగ్గర నిలబెట్టి గంటా కూర్చుని, తడిసిన చొక్కాతోనే ఉస్తాద్‌కు ఫోన్ చేశాను. గొంతు బాగా సన్నబడిపోయింది.

"గంట కూసున్నవా?"

"కూసున్న ఉస్తాద్."

"సరే. పంపు."

ఫోన్ జేబులో పెట్టుకుని కళ్ళు తుడుచుకున్నాను. అంజయ్య అప్పటికే ఇంటికి పోతానని చేతులు కడుక్కుంటున్నాడు. అప్పుడు ఎగ్గొట్టిన గంట కూడా కూర్చోవాలనిపించి, ఇంకో గంట ఉండమని బతిమాలి, మళ్ళీ లారీ ఎక్కి అద్దాలెక్కించాను. ఇప్పుడు షెడ్డు నాది, అడిగేవాళ్ళు లేరు. ప్రతి హీటర్‌కూ రెండేసి గంటలు కూర్చుంటాను. మా పనివాళ్ళు చాటుగా నవ్వుకుంటారని తెలుసు, నవ్వుకోనీ. అద్దం మీద మూడుసార్లు కొట్టాలని మాత్రం వాళ్ళకు గట్టిగా చెప్పాను.