కిటికీ సీటు మీద దస్తీ

ఓడ దిగీ దిగకముందే వదినెకూ నాకూ గొడవైంది. ఏసీ బస్సు ఎక్కుదామని ఆమె పట్టు. ఊళ్ళో జనం ఎక్కే బస్సే ఎక్కాలని నా పట్టు.

వదినె అంటే మా ఆయన అక్క. రామన్నపేటలో ఉంటుంది. మోకాళ్ళు అరిగిపోయాయి గాని నోరు మాత్రం ఇసుమంతైనా అరగలేదు. నేను నల్గొండలో ఉంటాను. దేవరకొండ అవతల ఒక తండా బడిలో టీచరుగా చేసి రిటైరయ్యాను. ఇలాంటి మేమిద్దరం చెన్నైలో ఓడెక్కి శ్రీలంకకు పోవడమేమిటని మీకు అనుమానం రావచ్చు. మాకూ వచ్చింది. అదంతా నా బిడ్డా, ఆమె బిడ్డా కలిసి ఆడిన నాటకం. ఏడాదిన్నరగా మాటల్లేని ఇద్దరినీ ఒక్క గదిలో పెట్టి సముద్రంలోకి తోస్తే, మాట్లాడుకోక ఎక్కడికి పోతారులే అనుకున్నారు. మేము మాట్లాడుకున్నది నిజమే. ఫ్యాను గురించి, బాత్రూం గురించి, నా గురక గురించి.

మాటలు ఎందుకు పోయాయో చెప్పాలి. మా ఆయన పోయిన పదకొండో రోజు, చుట్టాలందరూ కూర్చుని ఉండగా వదినె నా ముఖం మీదనే అన్నది, "నీ సీటు కోసం ఉరికురికి పోయిండు నా తమ్ముడు" అని. ఎవరూ కాదనలేదు. నేనూ కాదనలేకపోయాను.

నల్గొండ బస్టాండులో పొద్దున దేవరకొండ బస్సు లోపలికి తిరుగుతుంటేనే జనం దాని వెంట ఉరుకుతారు. బస్సు ఆగకముందే కిటికీలోంచి సీటు మీద దస్తీ, అదే జేబురుమాలు, వేస్తే ఆ సీటు మనదైనట్టే. దస్తీ లేనివాళ్ళు తువ్వాల వేస్తారు, సంచి వేస్తారు. తొందరలో చెప్పు విసిరినవాణ్ణి కూడా చూశాను. దస్తీ పడిన సీట్లో ఇంకొకరు కూర్చోరు. కూర్చున్నారా, బస్సంతా పంచాయితీకి దిగుతుంది. దస్తీ వేసినవాళ్ళు నింపాదిగా చాయ తాగి వచ్చినా సీటు అలాగే ఉంటుంది.

మా ఆయనకు కరెంటు సామాన్ల దుకాణం. దుకాణం తెరవకముందే నన్ను బండి మీద బస్టాండుకు తెచ్చేవాడు. బస్సు కనబడగానే చెప్పులు టకటకలాడించుకుంటూ ఉరికేవాడు. నీలం గళ్ళ దస్తీ, డ్రైవరు వెనక మూడో కిటికీ. ఆయన గురి తప్పగా నేను చూడలేదు. నేను మెల్లగా ఎక్కి మహారాణిలాగా కూర్చునేదాన్ని. ఆయన కిటికీ కింద నిలబడి రొప్పుతూ, "టీచరమ్మా, కూసున్నవా? ఇగ పోయిరా" అనేవాడు. రొప్పుతుంటే ఆయన మీసాలు ఎగిరేవి. అది చూసి నేను నవ్వేదాన్ని. దస్తీ నా సంచిలో పడి ఊరికి పోయేది, సాయంత్రం నాతో తిరిగొచ్చేది. ఉతికి ఆరేస్తే తెల్లారి మళ్ళీ ఆయన జేబులోకి చేరేది. ఎన్నో ఏళ్ళు ఇదే మా సంసారం.

గుండెకు స్టెంటు వేశాక కూడా మానలేదు. ఆడవాళ్ళకు బస్సులో టికెట్టు అక్కర లేకుండా అయ్యాక రద్దీ పెరిగింది, ఆయన ఉరుకుడూ పెరిగింది. వద్దని చెప్పాను. గట్టిగా చెప్పానా? అదే నాకు తెలియదు. అంత దూరం నిలబడి పోవడమంటే నాకూ ప్రాణం మీదికే వచ్చేది. సగం నోటితోనే వద్దన్నానేమో. ఆయన పోయింది మాత్రం ఒక ఆదివారం మధ్యాహ్నం, అన్నం తిని మంచం మీద ఒరిగినవాడు లేవలేదు. ఆ రోజు నాకు బస్సే లేదు. పదకొండో రోజు ఆ మాట వదినెతో అనాలని నోటిదాకా వచ్చి ఆగింది.

ఇన్నేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా నా పక్కన కూర్చుని దేవరకొండ దాకా రాలేదు. "నువ్వు రిటైరయ్యే దినం నేను గూడ ఎక్కుత. కిటికి సీటు నాకే ఇయ్యాలె. గా గుట్టలు, గా ఖిల్లా దినాం నువ్వే సూడవడితివి. నేను సూడొద్దా?" అనేవాడు. నేను రిటైరైంది ఆయన పోయిన ఎనిమిది నెలలకు. అన్నాళ్ళూ తోటి టీచర్ల కారులోనే బడికి పోయొచ్చాను. రిటైరైన రోజు కూడా బడివాళ్ళు దండలేసి కారులోనే సాగనంపారు. ఆయన పోయాక మళ్ళీ బస్సెక్కలేదు. ఎక్కాలంటే భయం. ఎక్కాలని ఎంత ఉండేదో చెప్పలేను. రోడ్డు మీద బస్సు పోతుంటే మూడో కిటికీ వంకే చూసేదాన్ని.

అందుకే ట్రింకోమలీ రేవులో ఓడ ఆగి, నాలుగింటి లోపల అందరూ తిరిగి రావాలని చెప్పి, చిన్న జెండా పట్టుకున్న గైడు మమ్మల్ని ఏసీ బస్సు వైపు తోలుతుంటే నేను ఆగిపోయాను. ఎవరూ నన్నెరుగని ఈ ఊళ్ళోనైనా ఒకసారి బస్సెక్కి చూస్తాననిపించింది.

"సముద్రం దాటొచ్చినంక గూడ ఎర్ర బస్సేనా నీకు?" అన్నది వదినె.

"ఎర్ర బస్సే. నువ్వు ఏసీల సల్లగ పో వదినే."

"నిన్నొక్కదాన్ని ఇడిసిపెట్టి పోతే నీ బిడ్డ నన్ను బతకనిస్తదా? నడువు, నడువు!" అని చేతికర్ర టకటకలాడిస్తూ నాకంటే ముందు నడిచింది.

అక్కడి బస్సు నిజంగానే ఎర్రగా ఉంది. మా చిన్నప్పటి బస్సుల ఎరుపు. డ్రైవరు ముందు దేవుడి పటాలు, వాటికి పూలు. ఒక పక్క ముగ్గురు కూర్చునే సీట్లు, ఇంకో పక్క ఇద్దరు కూర్చునేవి. కండక్టరు తమిళంలో ఏదో అడిగితే "నిలావెలి" అన్నాను. సముద్రం ఒడ్డు ఊరట, ఓడలో ఎవరో చెప్పారు. బస్సు సగం ఖాళీ. దస్తీతో పనే పడలేదు. కొంత దూరం పోయాక వదినె కిటికీలోంచి వేలు చూపించి, "అగో, మన తాళ్ళు!" అన్నది. మా రామన్నపేట దారిలో ఉన్నట్టే తాటిచెట్లు వరుసగా నిలబడి ఉన్నాయి. ఓడెక్కిన తర్వాత ఆమె నాతో అన్న మాటల్లో తిట్టు కానిది అదే మొదటిది.

నీళ్ళలో కాళ్ళు తడుపుకుని, కొబ్బరినీళ్ళు తాగి, మళ్ళీ రోడ్డు మీదికి వచ్చేసరికి రెండు దాటింది. ఒక బస్సు నిండుగా వచ్చి, ఆగకుండానే పోయింది. ఆటో ఒక్కటీ కనబడలేదు. బడి వదిలినట్టున్నారు, తెల్లబట్టల పిల్లలతో స్టాపంతా నిండిపోయింది. వదినె మోకాలు వాచి, కర్ర మీద వంగిపోయి నిలబడింది. వచ్చే బస్సూ పోతే ఓడ అందదు. బస్సు అందినా ఈమె నిలబడి రాలేదు.

అంతలో ఇంకో బస్సు మలుపు తిరిగింది. నా చేయి దానంతట అదే సంచిలోకి పోయింది. నీలం గళ్ళ దస్తీ తీసి, కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, బస్సు వెంట నాలుగడుగులు ఉరికి, మూడో కిటికీలోంచి విసిరాను. ముగ్గురు కూర్చునే సీటు మీద పడింది. గురి తప్పలేదు.

"నిమ్మళంగ రా వదినే, ఫికర్ లేదు. సీటు ఆపిన!" అని వెనక్కి వచ్చి, ఆమె చేయి పట్టుకుని మెల్లగా నడిపించాను. బుద్ధి నల్గొండలోనే ఉండిపోయింది మరి. దస్తీ వేసినవాళ్ళు వచ్చేదాకా ఆ బస్సు ఎందుకు ఆగుతుంది? పిల్లలు ఎక్కారు, కండక్టరు గంట కొట్టాడు, బస్సు కదిలింది.

"పోతే పోనీ తియ్యి" అన్నది వదినె.

"వదినే, అది ఆయన దస్తీ!"

ఆమె ముఖం ఎలా మారిందో చూడటానికి కూడా నేను ఆగలేదు. అరవై దాటినదాన్ని, పరాయి దేశంలో, చీర ఎత్తి పట్టుకుని రోడ్డు మీద ఉరికాను. "ఆపుండ్రి! ఓ అన్నా, ఆపు!" అని మా భాషలోనే అరిచాను. ఒక చెప్పు ఊడిపోయింది. ఎంతో దూరం కాదు, మా బస్టాండులో ఆయన రోజూ ఉరికేంత దూరమే. గుండె డబడబ కొట్టుకున్నది. ఛాతీలో మంట, నోరంతా చేదు. అయ్యో, కిటికీలో దర్జాగా కూర్చుని నేను నవ్వింది ఈ రొప్పును చూసేనా? అన్నేళ్ళు ఈ మంట జేబులో పెట్టుకునేనా ఆయన దుకాణానికి పోయింది?

బస్సు ఆగింది. కిటికీలోంచి ఒకామె దస్తీని జెండాలాగా ఊపుతున్నది. గాలికి ఎవరిదో ఎగిరొచ్చి పడిందనుకున్నట్టుంది, నేను ఉరకడం చూసి బస్సును ఆపించింది. వదినె కుంటుకుంటూ వచ్చేదాకా డ్రైవరు ఆగాడు. ఆమె ఒక చేతిలో కర్ర ఉంది, ఇంకో చేతిలో నా చెప్పు. కిటికీ దగ్గర ఉన్నామె పిల్లల్ని లేపి మాకు జాగా ఇప్పించింది. కిటికీ పక్కన ఆమె, నడుమ వదినె, చివరన నేను. దస్తీ నా ఒళ్ళో.

చాలాసేపు నాకు ఊపిరి అందలేదు. అందగానే అడిగేశాను.

"నేనే సంపిన్నా వదినే?"

ఆమె నా వైపు చూడలేదు. "నువ్వు ఒద్దనలేదా?" అన్నది.

"అన్న. గట్టిగ అనలే."

"గట్టిగంటే మాత్రం ఇనెటోడా వాడు? నేను అత్తగారింటికి పొయ్యేటప్పుడల్ల బస్సెంట గిట్లనే ఉరికెటోడు. ఒకపారి పడి మోకాలు పలగ్గొట్టుకున్నడు. ఒద్దురా అంటే అలిగి రెండు దినాలు అన్నం తినకపాయె."

"మరి నన్నెందుకట్లంటివి అందరి ముంగట?"

"ఎవలనో ఒకలను అనాలె గద పిల్లా" అన్నది వదినె. "దేవుడు ఎదురుంగ దొరకకపాయె, నువ్వు దొరికినవ్."

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె కొంగు తీసి నా ముఖం తుడిచింది. దస్తీతో తుడుచుకోవడానికి ఇద్దరికీ మనసొప్పలేదు.

ఏదో స్టాపులో పిల్లలందరూ దిగారు. కిటికీ దగ్గరామె కూడా మా తలలు నిమిరి దిగిపోయింది. అక్కడ మళ్ళీ అంతమంది ఎక్కారు. వదినెను కిటికీ వైపు జరగమన్నాను. ఆమె జరగలేదు. నా ఒళ్ళోంచి దస్తీ తీసుకుని, మోకాలి మీద ముడతలు సాపు చేసి, కిటికీ సీటు మీద పరిచింది.

ఒక పెద్దమనిషి చేతిసంచితో వచ్చి, కూర్చుంటానన్నట్టు ఆ సీటు వైపు చూశాడు. వదినె దస్తీ మీద చేయి పెట్టింది.

"ఈడ మనిషున్నడు" అన్నది.

ఆ పెద్దమనిషికి తెలుగు రాదు. దస్తీ వైపు చూశాడు, మా ఇద్దరి ముఖాలు చూశాడు, పైన కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. వదినె చేయి చాచి, కిటికీ అద్దం పూర్తిగా వెనక్కి జరిపింది.