నల్లబడిన వేలికి నేను చేసుకున్న వైద్యం

ఎదుటివాడి తప్పు చూపించడానికి దేవుడు నాకొక వేలు ఇచ్చాడు, కుడిచేతి చూపుడువేలు. సరిగ్గా అదే నల్లబడింది. పరాయి రాష్ట్రంలో రేవు పక్కన మేముండే వాట్‌గంజ్‌లో నా నోటికి జడిసేవాళ్ళంతా ఆ రోజు పండగ చేసుకున్నారు.

పొద్దున్న టీ గ్లాసు పట్టుకోగానే వేలి లోపలివైపు సూది దిగినట్టు చురుక్కుమంది. టీ అయ్యేలోగా వేలు వాచి, కుళ్ళిన వంకాయలా తయారైంది. దెబ్బ తగిలిన గుర్తు లేదు. కానీ రేవులో క్రేన్ కొక్కేనికి సరుకు తగిలించే మాకు, ఏ వేలు నల్లబడినా దెబ్బే. ఎప్పుడు తగిలిందో గుర్తుండదు, అంతే. పక్కగది అప్పన్న కాకా, "ఒరే, పసుపూ సున్నం ఎట్టి బిగించీ. రెండ్రోజులు ఇప్పకు" అన్నాడు. సున్నం నేను నమిలే ఖైనీ పొగాకు డబ్బాలోనే ఉంది. దట్టంగా పట్టించి గుడ్డతో బిగించాను.

మూడోరోజు విప్పితే గుడ్డతోపాటు తోలు ఊడొచ్చింది. కింద చీము, చచ్చిన ఎలుక కంపు. ఆ చేత్తో కలిపిన అన్నం నేనే తినకుండా వదిలేశాను. నా పెళ్ళాం లక్ష్మి పళ్ళెం దూరం జరిపి, "ఏటి మావా ఇది! ఏలు కోసేత్తారేటి?" అని ఏడుపు మొదలెట్టింది. వేలు పోతే కొక్కెం పని పోయినట్టే. ఆరో తరగతితో బడి మానేసినవాణ్ణి, నాకింకో పని రాదు.

ప్రభుత్వాసుపత్రిలో సీబీసీ, ప్లేట్‌లెట్స్, రక్తం గడ్డకట్టే క్లాటింగ్ టెస్ట్, నరాల్లో రక్తం పారేది చూసే డాప్లర్ అన్నీ చేశారు. అన్నీ నార్మల్. వేలు నల్లబడిన రోజు నలుగురినీ నవ్విద్దామని తీసిన ఫొటో ఫోనులో ఉంటే డాక్టరమ్మకి చూపించాను.

"దాదా, ఇది అకెన్‌బాక్ సిండ్రోమ్" అంది హిందీలో. "లోపల చిన్న నరం చిట్లి రక్తం చేరుతుంది. హార్మ్‌లెస్. ఊరికే వదిలేస్తే నాలుగురోజుల్లో పోయేది."

"మరి ఈ పుండు?"

"అది జబ్బు కాదు. సున్నం కాల్చింది."

రోగం మీదైతే కోపం తెచ్చుకోవచ్చు. నాకు నా మీదే రోత పుట్టింది. మధ్యలో ఇన్ఫెక్షన్ ముదిరి యాంటీబయాటిక్ మార్చారు. డ్రెస్సింగ్ విప్పిన ప్రతిసారీ ఆ కంపు పీలుస్తూ నన్ను నేనే తిట్టుకున్నాను.

వేలు దక్కింది. మళ్ళీ కొక్కెం పట్టాను. ఈమధ్య నడిమి వేలు నీలమైతే ముట్టుకోలేదు, దానంతటదే పోయింది.

మీకూ దెబ్బ లేకుండా వేలు నీలమైతే ఏమీ పూయకండి, కట్టు కట్టకండి, డాక్టరుకి చూపించండి. వేలు తెల్లబడి చల్లబడినా, ఒంటి మీద వేరేచోట మచ్చలొచ్చినా, చిగుళ్ళలో రక్తం కారినా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా ఒక్కరోజు కూడా ఆగకండి.

మొన్న రిపోర్టులు లక్ష్మి ముందు ఊపి, "సూడు, నా రగతంలో ఏ దోసం లేదని కాయితమ్మీద రాసిచ్చినారు" అన్నాను.

"రగతమే సూసినారు మావా. బుర్ర సూసుంటే నిన్నింటికి పంపుదురేటి?" అంది.