నర్సక్క వినలేకపోయిన వయొలిన్లు

కుంభారిలో మా ఇంట్లో నిన్న పొద్దున పాలు పొయ్యి మీద ఉన్నాయి. మా ఆయన ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చి, "వదిన పోయిందట" అన్నారు.

"ఏ వదిన?" అని అడిగాను.

ఆయనకున్నది ఒక్కతే వదిన. మా నర్సక్క.

నిద్రలోనే హార్ట్ ఎటాక్ అట.

పాలు పొంగి స్టవ్ అంతా పారాయి. తుడవలేదు. ఇంతవరకూ తుడవలేదు.

నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఇప్పటికీ కోపమే. వరుసగా చెప్తాను, లేకపోతే నాకు తెమలదు.

తెలియని వాళ్ల కోసం: నర్సక్క నా తోటికోడలు. కొంతం చౌక్ దగ్గర పాత ఇంట్లో చాలా ఏళ్లు కలిసే ఉన్నాం. కింద అక్క భర్త, మా బావగారి పవర్‌లూమ్స్. పైగదిలో అక్క మొబైల్‌లో సినిమా పాటలు పెట్టుకుని బీడీలు చుట్టేది.

మగ్గాల మోతకు పాటలో సగం మునిగిపోయేది. పాడేవాళ్ల గొంతు ఎలాగో చెవిన పడేది. వెనక వాయించే వేణువు, వయొలిన్లు మాత్రం దొరికేవి కావు.

అక్కకు కావలసింది అవే.

అందుకే ఊళ్లో ఎక్కడ ఆర్కెస్ట్రా పెట్టినా వెళ్లేవాళ్లం. ముందే వెళ్లి సీట్లు పట్టడం, టిఫిన్ డబ్బా, తిరిగి రావడానికి ఆటో మాట్లాడుకోవడం నా పని. వినడం ఆమె పని.

పల్లవి అయ్యి మధ్యలో మ్యూజిక్ రాగానే జనం కబుర్లు మొదలుపెడతారు కదా. అక్కకు ఒళ్లు మండేది. వెనక్కి తిరిగి, "పాడెటోడు నోరు మూస్తే పాట ఆగినట్టేనా? అసల్ పాట ఇప్పుడే నడుస్తున్నది. గప్ప్ కూసోండ్రి!" అనేది.

ఒకసారి బావగారిని కూడా తీసుకెళ్లాం. మగ్గాల మధ్య బతికిన మనిషి, చెవులు మందం. సన్నగా వేణువు నడుస్తుండగా రహస్యం చెప్తున్నాననుకుని, "ఏమే, డబ్బల పూరీలున్నయా?" అని అడిగారు. హాలంతా విన్నది. వేణువు వాయించే ఆయనకే నవ్వొచ్చింది.

అక్క నోరు తెరిచి తిట్టలేదు. కార్ఖానాలో మోత మధ్య మేమంతా గొంతు లేకుండా పెదాలు కదిపి మాట్లాడుకుంటాం, మీకు తెలిసిందే. అలా పెదాలతోనే తిట్టింది. ఏం తిట్టిందో ఇక్కడ రాయను. బావగారు ప్రోగ్రామ్ అయ్యేదాకా డబ్బా వైపు కూడా చూడలేదు.

ఇక నా కోపం సంగతి.

మన దగ్గర ఆర్కెస్ట్రా అంటే వయొలిన్లు కూడా కీబోర్డ్ మీదే వాయించేస్తారు. పోయిన నెల మాత్రం హైదరాబాద్ నుంచి పెద్ద ట్రూప్ వచ్చింది. ఈ మరాఠీ ఊళ్లో అన్నీ తెలుగు పాటలే. స్టేజ్ మీద రెండు వరుసల్లో నిజమైన వయొలిన్లు. అక్క ప్రాణం పెట్టే పాట చివర్లో ఉందని తెలిసి, ఆ రోజు బీడీల పని కూడా పక్కన పెట్టి వచ్చింది.

మధ్యలో సన్మానాలు మొదలయ్యాయి.

శాలువా, కొబ్బరికాయ, ఫోటో. ఆయనకు అయ్యాక ఈయనకు. కప్పించుకున్న ప్రతివాడికీ మైకు. రాత్రి పది దాటితే మైకు బంద్ అని రూల్ ఉన్న సంగతి ప్రోగ్రామ్ పెట్టిన కమిటీ వాళ్లకు తెలియదా?

అక్క లేచి నిలబడింది. "బస్ ఝాలా భావూ, ఇగ చాలన్నా! శాలువలు ఇండ్లకు పంపుండ్రి, పాటలు ఈడ వాయించుండ్రి!"

అందరూ నవ్వారు. స్టేజ్ మీది నుంచి కమిటీ పెద్దమనిషి, "అక్కా, ఇంకిద్దరే" అన్నాడు.

"గంట సంది ఇద్దరే అంటున్నవ్!"

చివరి పాటకు టైమ్ మిగల్లేదు. పల్లవి పాడారు, మధ్యలో మ్యూజిక్ ఎగరగొట్టి నేరుగా చరణంలోకి దూకారు. వయొలిన్ల వాళ్లు ఒళ్లో వయొలిన్లు పెట్టుకుని ఊరికే కూర్చున్నారు.

అక్క స్టేజ్ దగ్గరకు వెళ్లింది. ఒక వయొలిన్ అమ్మాయిని, "బిడ్డా, ఆ నడిమి ముక్క ఒక్కటి వాయించవా?" అని అడిగింది. ఆ పిల్ల వయొలిన్ ఎత్తింది కూడా.

కమిటీ ఆయన అడ్డం వచ్చాడు. "టైమ్ అయిపోయిందక్కా, రూల్."

"రూల్ మైకుకు గదా భావూ. దీనికి మైకెందుకు?"

ఆయన లైట్లు ఆర్పించాడు.

ఆటోలో ఇంటిదాకా అక్క పెదాలు కూడా కదల్లేదు.

నిన్న పాత ఇంటికి వెళ్లేసరికి బావగారు మగ్గాలన్నీ ఆపేసి గోడకు ఆనుకుని కూర్చున్నారు. నేను కాపురానికి వచ్చాక పట్టపగలు ఆ ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉండటం ఎప్పుడూ చూడలేదు. ఎక్కడో మూడో ఇంట్లో గిన్నె కడిగే చప్పుడు వినిపిస్తోంది. ఇంత నిశ్శబ్దం ఆమెకు ఒక్క పూట దొరికి ఉంటే ఎంత బాగుండేది.

అదే కమిటీ ఆయన వచ్చాడు. అక్క మీద శాలువా కప్పాడు. ఫోటో తీయించుకున్నాడు.

"ఆదివారం శ్రద్ధాంజలి సభ పెడుతున్నమక్కా. నలుగురు మాట్లాడుతరు. మీరు గూడ ఐదు నిమిషాలు మాట్లాడాలె."

"మాటలొద్దు. ఒక్క వయొలిన్ మనిషిని పిలువుండ్రి" అన్నాను.

"శోకసభల సినిమా పాటనా అక్కా? లోకులేమంటరు?"

లోకులేమంటారో నాకు అనవసరం. ఆదివారం ఆ సభకు నేను రాను. బావగారు కూడా రారు. నన్ను ఒప్పించడానికి ఎవరూ ఫోన్ చేయకండి. మీలో ఎవరికైనా వయొలిన్ వాయించేవాళ్లు తెలిస్తే మాత్రం చేయండి. నేర్చుకుంటున్న పిల్లలైనా సరే, తప్పులు పోయినా సరే. పాత ఇంటికి తీసుకురండి. మగ్గాలు ఆపి ఉంచుతాం. పాట ఏదో నేను చెప్తాను. పల్లవి అక్కర్లేదు.

నర్సక్కా, పోయిరా. నీ చెవులకు ఇకనైనా శాంతి దొరకాలి.