పత్తేదారు తూకం

ఆదోని ఆసుపత్రిలో మా వాడి పక్క మంచం ఒక పాపది. రక్తం ఇంకిపోయే జబ్బు. తోడుగా గోనెగండ్ల నుంచి వచ్చిన అవ్వ ఉండేది. పిల్లలిద్దరూ నా ఫోన్లో ఒకే బొమ్మల సినిమా మళ్ళీ మళ్ళీ చూసేవాళ్ళు. అందులో పత్తేదారు అనే డిటెక్టివ్ ఉడుత ఒక పిల్లవాడి ఒంట్లోకి దూరి, జబ్బు అనే దొంగను పట్టుకుంటుంది. పిల్లవాడు బడికి పరుగెత్తుతాడు. తీసినవాళ్ళకు అంత తేలిక.

పత్తేదారంటే పత్తి కొనే షావుకారనుకుంది అవ్వ. ఏటా యార్డుకు పత్తి తోలి, తూకంలో మోసపోయిన మనిషి. ఉడుత కనబడగానే మూతి తిప్పుకునేది.

“వాడు దొంగల్ని పట్టేవాడవ్వా,” అన్నాను.

“పత్తేదారు దొంగను పడతాడా? యాడన్నా సూసినావా అప్పా?” అంది.

రోజూ పొద్దున నర్సు పాపను తూచేది. రోజురోజుకూ బరువు తగ్గుతూనే ఉంది. అవ్వ ఉడుత వైపు గుర్రుగా చూసేది.

ఒకరోజు తెల్లవారేసరికి పాప పోయింది. ఇంటికి తీసుకుపోవడానికి అవ్వ ఆ పిల్లను రెండు చేతుల్లోకి ఎత్తుకుని, పత్తి మూట బరువు చూసినట్టు ఒకసారి చూసింది.

“సెప్తే ఇన్లేదు గదప్పా. కడాకు తూకంలోనే కొట్టినాడు.”